గిజిగాడికి మార్కులెవరు వేశారు?

కిందటి వేసవిలో వినుకొండ వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. "అందులో ఏముందే, మీ నాన్న పాత కాగితాలూ, బొద్దింకలూ తప్ప" అంది అమ్మ. అమ్మ మాట సగం నిజమే. బొద్దింకలు లేవు. నాన్న కాగితాలు మాత్రం బోలెడున్నాయి.

వాటి అడుగున ఓ అట్ట నోటుబుక్కు. పైన నాన్న ముత్యాల్లాంటి అక్షరాలు: 'టీచర్స్ సెంటర్ - 1991'. చూడగానే సైకిలు వెనక సీటూ, ఉప్మా వాసనా ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆ సమావేశాలకి నాన్న నన్ను కూడా తీసుకుపోయేవారు. ఇంట్లో ఉంటే అమ్మని వేధిస్తానని కాబోలు!

చరిత్ర అంటే మనకి రాజులూ, యుద్ధాలూ. పల్నాటి వాళ్ళం కనక మరీనూ, కోడిపందెం దగ్గర్నుంచి మొదలుపెడతాం. పాతికమంది బడిపంతుళ్ళు ఓ పెంకుటింటి బళ్ళో కూర్చుని, "పిల్లవాడు అసలెందుకు నేర్చుకుంటాడు?" అని తగువులాడుకోవడాన్ని ఎవరూ చరిత్రలో రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980లలో మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. టీచర్లు దాన్ని ముద్దుగా 'అప్పెప్' అనేవాళ్ళు. పక్కపక్క ఊళ్ళ బడులన్నీ ఒక సెంటర్‌గా ఏర్పడి, ఏడాదికి కొన్నిసార్లు టీచర్లంతా కలుసుకోవాలి. ఇలా బడుల్ని జతచేసే ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్ 'స్కూల్ కాంప్లెక్స్' పేరుతో ముందే చెప్పింది. అప్పెప్ వారి సూత్రాలు ఆరు. పిల్లలు చేసి, కనిపెట్టి నేర్చుకోవాలి. వాళ్ళకి పనులు టీచరే తయారుచేసుకోవాలి. ఒంటరిగానూ, జట్లుగానూ, తరగతి మొత్తంగానూ పని చేయించాలి. పిల్లల మధ్య తేడాల్ని గుర్తించాలి. ఊరి పరిసరాల్ని వాడుకోవాలి. పిల్లలు చేసినవి గోడలకి పెట్టి తరగతి గదిని కళకళలాడించాలి. నాన్న ఈ ఆరూ నీలి సిరాతో రాసుకుని, కింద ఎర్ర సిరాతో 'బాగానే ఉన్నవి. పిల్లలేరి?' అని రాశారు.

ఆ ప్రశ్న నాన్న ఒక్కరిదే కాదు. "ఏమండీ మాస్టారూ, మిరపకోతలొస్తే బళ్ళో నేనూ నల్లబల్లా మిగులుతాం. పరిసరాల్ని వాడుకోమంటారేమిటి? పరిసరాలే మా పిల్లల్ని వాడుకుంటుంటే!" అన్నారట ఒకాయన. పత్తి తీతల కాలంలోనూ అదే గోడు. ఎంచేతంటే కూలికి పోయిన పిల్ల సాయంత్రానికి డబ్బు తెస్తుంది. బడికి పోయిన పిల్ల ఏం తెస్తుంది, మాసిన పలక తప్ప?

అప్పుడు నాన్న తన గుట్టు తనే బయటపెట్టారట. వారమంతా బడికొచ్చిన పిల్లలకి తలా ఓ పెన్సిలు ఇస్తానన్నారు. మొదటివారం గది నిండిపోయింది. నెల తిరిగేసరికి జీతం కరిగింది, పెన్సిళ్ళు అయిపోయాయి. ఆ మరునాడు ముందుకంటే తక్కువమంది వచ్చారు. 'పెన్సిలు కోసం వచ్చేవాణ్ణి నేనే తయారుచేశాను' అని ఉంది నోటుబుక్కులో. అందరి ముందూ ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో నాకిప్పుడు తెలుస్తోంది.

ఆ తరవాత ఒక టీచరమ్మ లేచి గిజిగాడి సంగతి చెప్పారు. పాఠం చెప్పేముందు పిల్లల్ని ఊరి బయట దిగుడుబావి దగ్గరికి తీసుకెళ్ళారట. బావి మీదికి వంగిన ఈతచెట్టుకి గూళ్ళు వేలాడుతున్నాయి. నెలలో సగం రోజులు పొలంలోనే ఉండే ఓ కుర్రాడు అక్కడ గురువైపోయాడు. గూడల్లేది మగపిట్టేనన్నాడు. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుందనీ, నచ్చకపోతే వెళ్ళిపోతుందనీ చెప్పాడు. మర్నాడు పిలవకుండానే బడికొచ్చి ఆ గూడు బొమ్మ వేసి, కింద పేరు రాయడం ఎలాగని అడిగాడట. "వాడికి నేనేమీ ఇవ్వలేదండీ. అడగడం మాత్రం అడిగాను" అన్నారావిడ.

ఆ కుర్రాడు చెప్పింది సలీం అలీగారు 1930 ప్రాంతంలో బొంబాయి దగ్గర కిహీంలో రోజుల తరబడి కాపలా కాసి తెలుసుకున్న విషయమే. ఈ జాతి పిట్టల్లో కుర్రవి మొదట కట్టేవన్నీ వంకరటింకర గూళ్ళేనట. కట్టగా కట్టగా చెయ్యి తిరుగుతుంది. పోనీ, ముక్కు తిరుగుతుందనండి. తప్పు కట్టినందుకు బెత్తం లేదు, బాగా కట్టినందుకు పెన్సిలూ లేదు.

ఇంతకీ టీచరమ్మ చెప్పబోయిన పాఠం ఎవరిదనుకున్నారు? మా ఊరి జాషువాగారిది. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన ఆ పిల్లవాడికి బొమ్మలు గీయడమంటే ప్రాణం. బడిలో చేరాక మాత్రం అక్షరాలకంటే ముందు కులమంటే ఏమిటో నేర్పారు. తోటిపిల్లల చిన్నచూపూ, పంతుళ్ళ చిన్నచూపూ రెండూ పడ్డాడు. అయినా చదువు వదల్లేదు. దీపాల పిచ్చయ్యశాస్త్రిగారి స్నేహం, జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి దగ్గర కాళిదాసు కావ్యాలూ ఆయన్ని కవిని చేశాయి. చదువు పూర్తయ్యాక దక్కింది పల్లెబడి పంతులు ఉద్యోగం. నెలకి మూడు రూపాయల జీతం, రోజూ పదమూడు కిలోమీటర్ల దూరం నడక. తరవాత గుంటూరు లూథరన్ ట్రైనింగ్ స్కూల్లో దాదాపు పదేళ్ళు, 1928 నుంచి 1942 దాకా సర్కారు బళ్ళలో తెలుగు పండితుడిగానూ పనిచేశారు. గిజిగాడి మీదా, సాలీడు మీదా పద్యాలు రాసినా, 1941లో గబ్బిలాన్ని కాశీకి రాయబారం పంపినా ఈ బడిపంతులే. జనం అసహ్యించుకునే ప్రాణుల్ని కూడా అంత ఆపేక్షగా చూడడం ఎక్కడ నేర్చుకున్నారో ఆ కళ్ళు! ఏ ఇన్‌స్పెక్టరూ నేర్పి ఉండడు.

అదే 1895లో మన రాష్ట్రానికి ఆ చివర మదనపల్లెలో ఇంకో పిల్లవాడు పుట్టాడు. జిడ్డు కృష్ణమూర్తిగారు. ఆయన 1978 సెప్టెంబరు 1 నుంచి తన పేరుమీద నడిచే బడులకి పదిహేను రోజులకొకటి చొప్పున ఉత్తరాలు రాశారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ టీచర్లు వాటిని చదువుకోవాలి, తర్కించుకోవాలి. స్కూలు అనే మాటకి మూలం తీరిక అనే అర్థమున్న గ్రీకు మాటేనని అందులో గుర్తుచేస్తారాయన. ఒకణ్ణి ఇంకొకడితో పోల్చడం, భయం, బహుమతి - ఇవి ఉన్నచోట నేర్చుకోవడం జరగదంటారు. ఆ మాట చదవకుండానే మా నాన్న పెన్సిళ్ళ ఖర్చుతో తెలుసుకున్నారు పాపం!

1990ల మధ్యలో అప్పెప్ ముగిసింది. దాన్ని ఆకాశానికెత్తను. నోటుబుక్కు చివరి పేజీల్లో నాన్నే రాశారు, 'ఛార్టులు గోడలకెక్కినవి. పాఠము మాత్రము పాతదే' అని. అరవైమంది పిల్లలూ ఒక్క పంతులూ ఉన్న గదిలో ఆరు సూత్రాలూ ఊపిరాడక ఉక్కిరిబిక్కిరయ్యాయి. అయినా, తప్పు చేశానని తోటివాళ్ళ ముందు ఒక టీచరు చెప్పుకోగలిగే చోటు కొన్నాళ్ళు ఉంది కదా!

పుస్తకం మూసి కూర్చుంటే, నాకు నా కొడుకు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు ప్రతి కాకికీ ఒక పేరు పెట్టేవాడు. ఇప్పుడు ఓ హాస్టలు కాలేజీలో ఇంటర్ చదువుతున్నాడు. అక్కడ ప్రతి సోమవారం ర్యాంకుల కాగితం అంటిస్తారు. ఆమధ్య ఇంటికొస్తే, పెరట్లో కొత్త పిట్టేదో కూస్తోంది, ఏమిట్రా అది అన్నాను. "సిలబస్‌లో లేదమ్మా" అన్నాడు. నవ్వాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వాళ్ళ కాలేజీని తిట్టుకుని ఊరుకోవచ్చు. కానీ ఆదివారం ఫోన్లో నేను మొదట అడిగే మాటేమిటి? "ర్యాంకెంత?" భోంచేశావా అనేది రెండోది. నాన్న పెన్సిళ్ళు పంచితే, నేను ర్యాంకుకో వెయ్యి చొప్పున పంచుతున్నాను. నాన్నకి నెలలో తెలిసింది నాకు రెండేళ్ళకి తెలిసింది.

కిందటి ఆదివారం ర్యాంకు అడగలేదు. "మీ కిటికీలోంచి ఏం కనిపిస్తుందిరా?" అన్నాను. కాసేపు మాటలేదు. "ఏంటమ్మా, ఒంట్లో బావుందా?" అన్నాడు అనుమానంగా. బావుందన్నాను. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"వేపచెట్టుంది. పైన ఏదో గూడుంది. సరిగ్గా కనపడదు. రేపు చూసి చెప్తాలే" అన్నాడు.

రేపు ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నాను.