తాళంచెవిలో ఒక వేడుకోలు

నస్పూర్‌లో, సింగరేణి క్వార్టర్ల మధ్య నేను పెరిగిన రోజుల్లో ఇంటికి కంప్యూటర్ వచ్చిందంటే అది అసెంబుల్ చేయించిందే. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ విడివిడిగా కొని బిగించిన డబ్బా. అలాంటి డబ్బాలో యాపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్ ఎక్కిస్తే దాన్ని హాకింతోష్ అంటారు. యాపిల్ ఒప్పుకోదు, సపోర్ట్ ఇవ్వదు. అయినా ఇరవయ్యేళ్లు నడిచింది.

2005 జూన్‌లో మ్యాక్‌లు ఇంటెల్ చిప్‌లకు మారుతున్నాయని స్టీవ్ జాబ్స్ ప్రకటించాడు. అప్పటిదాకా వాటిలో ఉన్నది పవర్‌పీసీ, మన పీసీలతో పొత్తు కుదరనిది. ఇంటెల్ వచ్చాక లోపలి సామాను దాదాపు ఒకటే అయింది. ఇక అడ్డం ఉన్నది తాళం ఒక్కటే.

ఆ తాళం సంగతి సాహిత్యం చదివేవాళ్లకి నచ్చుతుంది. ఫైండర్, డాక్ లాంటి ప్రోగ్రాములను ఎన్‌క్రిప్ట్ చేసి, విప్పే కీని మ్యాక్‌లో ఎస్‌ఎంసీ అనే చిన్న చిప్‌లో దాచారు. 64 అక్షరాల కీ. అదేమీ అర్థంలేని అంకెల వరుస కాదు. మా కష్టాన్ని దొంగిలించొద్దు అనే అర్థమొచ్చే ఇంగ్లిషు వేడుకోలు! హాకింతోష్ వాళ్లు తాళం పగలగొట్టలేదు. ఆ చిప్‌లా నటించే ఫేక్‌ఎస్‌ఎంసీ అనే డ్రైవర్ రాశారు. సిస్టమ్ అడిగినప్పుడల్లా అది ఆ వేడుకోలునే అప్పజెప్తుంది. దొంగ చేత ఒట్టు వేయించుకుని ఇంట్లోకి రానిచ్చినట్టు.

మరి ఇది దొంగతనమేనా? 2008లో ఫ్లోరిడాలోని సైస్టార్ కంపెనీ మ్యాక్ ఓఎస్ ఎక్కించిన పీసీలు అమ్మకానికి పెట్టింది. యాపిల్ కోర్టుకెక్కింది. 2009లో జడ్జి విలియం ఆల్సప్ అది కాపీరైట్ ఉల్లంఘనేనని తేల్చాడు. అమ్ముకునేవాళ్ల విషయంలో ఆ తీర్పు సబబే. ఇంట్లో సొంతానికి ఎక్కించుకున్నవాడిని అదే గాటన కట్టడం మాత్రం నాకు ఒప్పుదల కాదు.

అసలు 'సపోర్ట్' అంటే ఏమిటి? 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ వరుసలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కూలిపోయాయి. జ్ఞానంలోని మొదటి అక్షరమే, చూడండి! లక్ష పోసి కొన్న మెషీన్‌కి కంపెనీ సపోర్ట్ ఉంది గానీ, ఆ అక్షరాన్ని ముందే సరిగా పరీక్షించిన దాఖలా లేదు. ఆ నెల 19న అప్‌డేట్ వచ్చేదాకా అందరిదీ ఒకటే గతి.

2020లో యాపిల్ సొంత చిప్‌లకు మారింది. వాటిలో ర్యామ్ కూడా చిప్ ప్యాకేజీలోనే ఉంటుంది, ఏదీ విడిగా దొరకదు. 2025లో వచ్చిన టాహో వెర్షన్‌తో ఇంటెల్‌కి సెలవు అన్నారు. హాకింతోష్ కోసం రాసిన ఓపెన్‌కోర్ మీద ఇప్పుడు ఇంకో పనిముట్టు కట్టారు. దాంతో, యాపిల్ సపోర్ట్ ఆపేసిన పాత మ్యాక్‌లలోకి, అంటే డబ్బులు పెట్టి కొన్న అసలు మ్యాక్‌లలోకే, కొత్త మ్యాక్ ఓఎస్ ఎక్కిస్తున్నారు.