యజమాని లేని ఆస్తి: వక్ఫ్ చరిత్రలో మిల్కియత్ ప్రశ్న

మదీనాలో మస్జిదె నబవీకి ఎదురుగా బైరుహా అనే ఖర్జూరపు తోట ఒకటి ఉండేది. అది అన్సార్లలో సంపన్నుడైన హజ్రత్ అబూ తల్హా (రజి) గారిది. మహాప్రవక్త (స) అప్పుడప్పుడు అందులోకి వెళ్ళి అక్కడి తీయని నీరు త్రాగేవారు. ప్రియమైన దానినుండి దైవమార్గంలో ఖర్చు చేయడాన్ని గురించి ఆలి ఇమ్రాన్ సూరాలోని 92వ ఆయతు అవతరించినప్పుడు అబూ తల్హా (రజి) వచ్చి, తన ఆస్తి అంతటిలో తనకు మిక్కిలి ప్రియమైనది ఆ తోటేనని, దానిని అల్లాహ్ కోసం సదఖా చేస్తున్నానని విన్నవించారు. దానిని దగ్గరి బంధువులకు ఇవ్వడం మంచిదని మహాప్రవక్త (స) సూచించారు. ఆయన అలాగే పంచి ఇచ్చారు. భాగం పొందినవారిలో కవి హస్సాన్ బిన్ సాబిత్ (రజి) ఒకరు.

ఈ సంఘటనను మనం ఉపన్యాసాల్లో తరచు వింటాం. దీని తరువాతి భాగాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. హస్సాన్ (రజి) తన భాగాన్ని కొంతకాలానికి హజ్రత్ ముఆవియా (రజి)కి అమ్మివేశారని సహీహ్ బుఖారీలోనే ఉంది. అబూ తల్హా చేసిన సదఖాను అమ్ముతున్నావా అని అడిగినవారికి, కొలత ఖర్జూరానికి కొలత వెండి నాణేలు వస్తూంటే ఎందుకు అమ్మకూడదన్నట్లు ఆయన జవాబిచ్చారు. ఆ తోట ఉన్నచోట ముఆవియా (రజి) కట్టించిన కోట లేచింది.

ఇందులో హస్సాన్ (రజి)ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. తోట పంచబడిన క్షణంలోనే ఆయన తన భాగానికి మాలిక్ అయ్యారు. మాలిక్ అయినవాడు తినవచ్చు, ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. అబూ తల్హా (రజి) పుణ్యం ఆయనకు దక్కింది. తోట మాత్రం ఒక తరం తిరగకముందే చేయి మారింది.

దీని ప్రక్కన మరొక తోటను పెట్టి చూడాలి. హిజ్రీ 7వ సంవత్సరం (628)లో ఖైబర్ జయించబడిన తరువాత హజ్రత్ ఉమర్ (రజి)కి అక్కడ కొంత భూమి లభించింది. దాని పేరు సమ్గ్. అంతకంటె విలువైన ఆస్తి తనకెన్నడూ దొరకలేదని, దానిని ఏమి చేయాలని ఆయన మహాప్రవక్త (స)ను సలహా అడిగారు. మూలాన్ని నిలిపి ఉంచి ఫలసాయాన్ని సదఖా చేయవచ్చునని సలహా లభించింది. దాని ప్రకారం ఆ భూమిని అమ్మరాదు, బహూకరించరాదు, వారసత్వంగా పంచుకోరాదు. దాని పంట పేదలకు, బంధువులకు, బానిసల విముక్తికి, దైవమార్గానికి, అతిథులకు, బాటసారులకు చెందుతుంది. చూసుకునేవాడు న్యాయమైనంత తినవచ్చు, స్నేహితునికి పెట్టవచ్చు, కాని దానితో ధనవంతుడు కారాదు.

రెండూ మంచి భూములే, దానం చేసినవారిద్దరూ సహాబీలే. మిల్కియత్ ఒకచోట చేతులు మారింది, రెండవచోట కట్టివేయబడింది. వక్ఫ్ అనే మాటకు అరబీలో ఆపడం, నిలిపివేయడం అని అర్థం. ఆపబడినది ఈ చేతులు మారడమే.

హజ్రత్ ఉస్మాన్ (రజి) కొన్న రూమా బావి కూడా ఈ కోవలోనిదే. నీటిని అమ్ముకుంటున్న వ్యక్తి చేతిలో అది ఒక వ్యాపారం. ఉస్మాన్ (రజి) కొని వదిలిన తరువాత కొన్నవాని చేదకూ బాటసారి చేదకూ అందులో సమానమైన హక్కు. బావీ అదే, నీరూ అదే.

ఇక్కడ అనువాదకునిగా నా ఇబ్బంది ఒకటి చెప్పుకోవాలి. మిల్కియత్ అనే పదానికి తెలుగులో యాజమాన్యం అని వ్రాస్తే చాలుననిపిస్తుంది. కాని నేడు తెలుగులో యాజమాన్యం అంటే సొంతం కలిగి ఉండడం మాత్రమే కాదు, నడపడం కూడా. పాఠశాల యాజమాన్యం అన్నప్పుడు దానిని నడిపేవారినే ఉద్దేశిస్తాం. వక్ఫ్ చట్టమంతా ఈ రెండింటి మధ్య గీసిన గీత మీదనే నిలబడి ఉంది. ముతవల్లీకి నడిపే బాధ్యత ఉంది, సొంతం లేదు. మన భాషలో ఆ రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. మన ఊళ్ళలో జరిగినదీ కొంత ఇదే. అందుచేత ఈ వ్యాసంలో మిల్కియత్ అనే మాటనే ఉంచుతున్నాను.

మాలిక్ అమ్మలేడు, వారసులు పంచుకోలేరు. అయితే ఆ వస్తువుకు మాలిక్ ఎవరు? ఈ ప్రశ్న మన ఫుఖహాలను చాలా శ్రమపెట్టింది. ఇమాం అబూ హనీఫా (రహ్మ, మరణం 767) దృష్టిలో వక్ఫ్ ఎరువుగా ఇచ్చిన వస్తువు వంటిది. ఖాజీ తీర్పు చెప్పనంతవరకు లేదా అది వీలునామాగా మారనంతవరకు మిల్కియత్ ఇచ్చినవానిదే, కనుక అతడు వెనక్కు తీసుకోవచ్చు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్ (రహ్మ, మరణం 798), ముహమ్మద్ షైబానీ (రహ్మ, మరణం 805) దీనితో ఏకీభవించలేదు. వస్తువు ఇచ్చినవాని మిల్కియత్ నుండి వెలువడి అల్లాహ్ మిల్కియత్‌లోకి పోతుందని వారి అభిప్రాయం. అబూ యూసుఫ్ (రహ్మ) మొదట గురువుగారి మాటే అనేవారని, హిజాజ్‌లో సహాబీల వక్ఫులను కళ్ళారా చూసిన తరువాత అభిప్రాయం మార్చుకున్నారని హనఫీ గ్రంథాలు చెబుతాయి. ఫత్వా శిష్యుల మాట మీదనే స్థిరపడింది. మాలికీలు మిల్కియత్ వాఖిఫ్ వద్దనే ఉంటుందన్నారు గాని అమ్మే అధికారాన్ని తీసివేశారు. హంబలీలలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం అది లబ్ధిదారులకు చేరుతుంది.

ఇదంతా మదర్సా గదుల్లోని సూక్ష్మ చర్చ అనుకోరాదు. ఏ రాజుకైనా వక్ఫ్ భూమి మీద కన్నుపడినప్పుడు అతడు మొదట వేసే ప్రశ్న ఇదే: దీనికి మాలిక్ ఎవరు, దస్తావేజు ఏదీ?

మమ్లూక్ సుల్తాను బైబర్స్ (పాలన 1260–1277) డమాస్కస్ చుట్టూ ఉన్న తోటల విషయంలో సరిగ్గా ఇదే చేశాడు. హక్కుపత్రాలు చూపలేనివారి తోటలు ఖజానావి అన్నాడు. తాతార్ల దండయాత్రలతో చెదిరిపోయిన దేశంలో ఎంతమంది వద్ద కాగితాలు మిగిలి ఉంటాయి? ఇమాం నవవీ (రహ్మ, మరణం 1277) దీనిని ఎదిరించి సుల్తానుకు లేఖలు వ్రాశారు. ఒక వస్తువు ఎవరి ఆధీనంలో ఉన్నదో వారే దాని హక్కుదారులుగా పరిగణించబడతారు, వారిని సాక్ష్యం తెమ్మనడం ముస్లిం పండితులలో ఎవరి దృష్టిలోనూ ధర్మసమ్మతం కాదు అన్నది ఆయన వాదన. చివరకు సుల్తాను వెనక్కు తగ్గాడు. సుమారు ఐదున్నర శతాబ్దాల తరువాత డమాస్కస్‌లోనే ఇబ్నె ఆబిదీన్ (రహ్మ) ఈ ఉదంతాన్ని తన గ్రంథంలో ఎక్కించుకున్నారు.

హిజ్రీ 780 (1378)లో కైరోలో మరింత చిక్కైన ప్రశ్న వచ్చింది. అప్పటికి ఇంకా సుల్తాను కాని సేనాధిపతి బర్ఖూఖ్ ఉలమాను సమావేశపరచి, బైతుల్‌మాల్ భూముల నుండి వక్ఫ్‌గా మారిన వాటిని రద్దు చేయవచ్చునా అని అడిగాడు. అతని ప్రశ్నలో బలం ఉంది. వక్ఫ్ చేసేవాడు దాని మాలిక్ అయి ఉండాలి, బైతుల్‌మాల్‌కు సుల్తాను మాలిక్ కాడు, కేవలం రక్షకుడు. సిరాజుద్దీన్ బుల్‌ఖీనీ (రహ్మ) రెండింటినీ వేరుచేసి జవాబు చెప్పారు. ఎవరో అమీరు తన ఇంటి ఆడవారి పేరున వ్రాసుకున్నవాటిని తిరిగి తీసుకోవచ్చు. విద్యార్థులకు, పండితులకు ఏర్పరచిన వాటిని ముట్టుకోరాదు, ఎందుకంటే బైతుల్‌మాల్‌లో వారికి రావలసినది దానికంటె ఎక్కువే. ఫుఖహాలు ఇటువంటి ఏర్పాటును నిజమైన వక్ఫ్ నుండి వేరుచేయడానికి ఇర్సాద్ అని పేరుపెట్టారు. మిల్కియత్ మారకపోయినా ప్రజల హక్కు దానిమీద నిలిచి ఉంటుందన్నమాట. ఈ పదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ అవసరమవుతుంది.

మాలిక్ లేకపోవడంలో బలం ఉన్నట్లే బలహీనత కూడా ఉంది. తన ఇల్లు కురుస్తుంటే మాలిక్‌కు నిద్రపట్టదు. వక్ఫ్ ఇల్లు కురుస్తుంటే ఎవరికి నిద్రపట్టదు? ఉస్మానీ సామ్రాజ్యంలో అగ్నిప్రమాదాలకు కాలిపోయిన వక్ఫ్ ఇళ్ళను తిరిగి కట్టడానికి డబ్బులేక ‘రెండు అద్దెలు’ అనే పద్ధతి పుట్టింది. అద్దెకు తీసుకునేవాడు ఆస్తి విలువకు దగ్గరగా పెద్దమొత్తం ముందు ఇస్తాడు, తరువాత ఏటేటా నామమాత్రపు అద్దె కడతాడు. అతని హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది. కట్టడం నిలిచింది, వక్ఫ్ పేరూ నిలిచింది, లోపలిది పోయింది. మన పట్టణాల్లో వ్యాపారం జోరుగా సాగే వీధుల్లో దశాబ్దాల క్రితంనాటి అద్దెకే వక్ఫ్ మలిగెలు నడుపుకుంటున్నవారిని చూసినప్పుడు నాకు ఇస్తాంబూల్ గుర్తుకు వస్తుంది. వారిలో మనవారూ తక్కువ లేరు.

ఆంగ్లేయుల కాలంలో కథ మరొక మలుపు తిరిగింది. 1894లో అబుల్ ఫతా కేసులో ప్రీవీ కౌన్సిల్, వంశంవారికి అనుభవం ఇచ్చి వంశం అంతరించాక పేదలకు చెందేటట్లు వ్రాసిన వక్ఫును చెల్లదని కొట్టివేసింది. పేదల పేరు కేవలం ముసుగని ఆ న్యాయమూర్తుల ఉద్దేశం. సొంతవారికి ఇచ్చుకోవడం ధర్మం ఎలా అవుతుందన్నది వారి సందేహం. అబూ తల్హా (రజి)కి ఏ సూచన లభించిందో ఎరిగిన పాఠకునికి ఆ సందేహం రాదు. జస్టిస్ అమీర్ అలీ కలకత్తా హైకోర్టులో అంతకుముందే ఈ ధోరణితో విభేదించి ఉన్నారు. మౌలానా షిబ్లీ నోమానీ దేశమంతటా ఉద్యమం నడిపారు. చివరకు జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో చట్టమై కుటుంబ వక్ఫులను చెల్లుబాటు చేసింది. అది వెనుకటి వక్ఫులకు వర్తించదని కోర్టులు అనడంతో 1930లో మరొక చట్టం కావలసివచ్చింది.

మిల్కియత్ ప్రశ్నకు ఆ న్యాయస్థానం స్పష్టమైన జవాబు చెప్పినది మాత్రం 1921లో, అదీ ముస్లింల కేసులో కాదు. మద్రాసు రాష్ట్రపు ఒక మఠానికి సంబంధించిన విద్యావారుతి తీర్థస్వామి వ్యాజ్యంలో. తీర్పు వ్రాసినది అప్పటికి ప్రీవీ కౌన్సిల్ సభ్యులైన అమీర్ అలీయే. వక్ఫ్ ఆస్తి దేవునికి చెందుతుంది, ముతవల్లీ ఆంగ్ల చట్టంలోని ట్రస్టీ కాడు, నిర్వాహకుడు మాత్రమే అని ఆయన అందులో విశదీకరించారు. మఠాధిపతి హక్కును నిర్ణయించడానికి అబూ యూసుఫ్ (రహ్మ), ముహమ్మద్ (రహ్మ)ల మాట ఆధారమైంది.

ఇక మన ప్రాంతం. హైదరాబాదు పడమట మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. హుస్సేన్ సాగర్‌కు ఆ పేరు వారివల్లనే వచ్చిందని ప్రసిద్ధి. 1989 నాటి గెజిట్‌లో ఈ దర్గా క్రింద 5,506 చదరపు గజాలు మాత్రమే నమోదయింది. 2006లో వక్ఫ్ బోర్డు సవరణ ప్రకటన చేసి 1,654 ఎకరాల 32 గుంటలు దర్గావేనని చూపింది. అప్పటికే ప్రభుత్వం ఆ భూముల్లో చాలా భాగాన్ని కంపెనీలకు, విద్యాసంస్థలకు కేటాయించి ఉంది. హైకోర్టులో తీర్పు వక్ఫ్ పక్షానికి అనుకూలంగా వచ్చింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీం కోర్టు దానిని త్రోసిపుచ్చింది. ఆ భూమి సేవకు ప్రతిగా ఇచ్చిన మష్రూతుల్ ఖిద్మత్ అని, 1949లో జాగీర్ల రద్దుతో అది రాష్ట్రానికి చెందిపోయిందని తేల్చింది.

ఆ తీర్పు చదువుతున్నంతసేపూ నాకు కైరో సమావేశం కళ్ళముందు మెదిలింది. ఇచ్చిన ప్రభువు భూమికి మాలిక్‌గా ఇచ్చాడా, లేక శిస్తును మాత్రమే వదిలాడా అన్న ప్రశ్న బర్ఖూఖ్ వేసినదే, అందులో అన్యాయం లేదు. బుల్‌ఖీనీ (రహ్మ) జవాబులోని రెండవ సగాన్ని, అంటే ఇర్సాద్‌ను, వినిపించినవారే లేరు. అయినా నేరం అంతా ఇతరుల మీద నెట్టడం నాకు ఇష్టం లేదు. ఎకరాల లెక్క గెజిట్‌కు ఎక్కడానికి పదిహేడేళ్ళు ఎందుకు పట్టిందో మనమే చెప్పుకోవాలి.

2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ చట్టం ఈ ప్రశ్నను ఇంకా పదునుపెట్టింది. దస్తావేజు లేకపోయినా చిరకాల వినియోగం వల్ల వక్ఫ్‌గా గుర్తింపు పొందే మార్గాన్ని ఇకముందు మూసివేసింది. ముందే నమోదైనవాటిని వివాదంలో లేనంతవరకు, ప్రభుత్వ ఆస్తి కానంతవరకు వదిలింది. 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీం కోర్టు కొన్ని నిబంధనలను నిలిపింది, దీనిని నిలపలేదు. నవవీ (రహ్మ) బైబర్స్‌కు వ్రాసినది ఏ ఆధీనాన్ని గురించో ఆ ఆధీనమే ఇప్పుడు చాలని సాక్ష్యమయింది. అందుచేత కాగితం లేని ప్రతి ఖబ్రస్తాను, ప్రతి ఆషూర్‌ఖానా కాగితం వెతుక్కోవలసివస్తున్నది.

ఆ వెతుకులాటలో బయటపడే పాత రికార్డులను కొన్నిటిని అనువదించే పని నాకూ తటస్థించింది. ఒక తరంలో పేరు ప్రక్కన ముతవల్లీ అని ఉంటుంది. తరువాతి తరంలో ఆ మాట జారిపోయి పేరు ఒక్కటే మిగులుతుంది. మూడవ తరంలో అదే ఇంటిపేరు పట్టాదారు గడిలో కనిపిస్తుంది. ఎవరూ దొంగతనం చేసినట్లు కనబడదు. మూడుసార్లు నకలు వ్రాయబడింది, అంతే.

హజ్రత్ ఉమర్ (రజి) దస్తావేజుకూ నకలు ఉంది. దానిని ముఐఖీబ్ వ్రాశారని, అబ్దుల్లాహ్ బిన్ అర్ఖమ్ సాక్ష్యం పెట్టారని సునన్ అబూ దావూద్‌లో ఉంది. సమ్గ్ భూమి బాధ్యత కుమార్తె హఫ్సా (రజి) జీవించి ఉన్నంతకాలం ఆమెదని, తరువాత ఆ కుటుంబంలో వివేకవంతులదని, అమ్మకం కొనుగోలు లేవని అందులో వ్రాసుకున్నారు. ఎన్నో ఏళ్ళ తరువాత యహ్యా బిన్ సయీద్ అనే విద్వాంసుని కోసం దానిని ఎత్తివ్రాసి ఇచ్చినవారు ఉమర్ (రజి) మునిమనుమడు అబ్దుల్ హమీద్. ఆ భూమిలో తనకు మిల్కియత్ లేదని చెప్పే వాక్యాలతో సహా ఆయన దానిని ఉన్నదున్నట్లు వ్రాసి ఇచ్చారు.