పదకొండింటిలోపు పొంగాలి

గురుగ్రామ్. జనవరి నెల. ఎనిమిదైనా తెల్లవారినట్టు లేదు. పొగమంచులో పొగ కలిసి, రోడ్డు మీది మెట్రో స్తంభాల్ని మింగేసింది. ఆ పొగ ఈ ఐవీఎఫ్ ల్యాబ్ గదిలోకి రవ్వంత కూడా చొరబడకూడదు. రాత్రంతా ఫిల్టర్లు గుయ్యిమంటూనే ఉన్నాయి. తలుపు తీస్తే లోపలి గాలి బయటికి తోసుకొస్తుందే తప్ప బయటి గాలి లోపలికి రాదు. సెంటు పూసుకున్నవాళ్ళకి ప్రవేశం లేదు. ఎంబ్రియాలజిస్టు లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకు మూత ఎత్తింది. తెల్లటి ఆవిరి బుస్సుమంది. మైనస్ 196 డిగ్రీల్లోంచి సన్నటి స్ట్రా పైకి వచ్చింది. అసిస్టెంటు దాని మీది పేరు, నంబరు పైకి చదివాడు. ఆమె మళ్ళీ చదివింది. సరిపోయాయి.

ఆ స్ట్రా ఎవరిదో ఆ దంపతులకి మిగిలింది ఈ ఒక్క పిండమే.

ఇక్కణ్ణుంచి నోయిడా దాకా ఏ ఐవీఎఫ్ ల్యాబ్‌కి వెళ్ళినా చలికాలపు పొద్దు ఇంచుమించు ఇలాగే మొదలవుతుంది. పేర్లు మారతాయి, అంతే.

37 డిగ్రీల ద్రావణంలో స్ట్రా కొస మునిగింది. ఒక్క నిమిషం. ఆ తర్వాత ఇంకో ద్రావణం, ఇంకొకటి. మైక్రోస్కోపు కింద ముడుచుకుపోయిన ముద్ద కనపడింది. ఫ్రీజ్ చేసేముందు లేజర్‌తో చిన్న దెబ్బ వేసి లోపలి నీరు కార్చేశారు. నీరు ఉండిపోతే గడ్డకట్టి కణాల్ని చీల్చేస్తుంది. ఇప్పుడు ఆ నీరు మళ్ళీ పట్టాలి. దానంతట అదే పట్టాలి. పదకొండింటికి దాన్ని గర్భంలోకి ట్రాన్స్‌ఫర్ చేయాలి. ఇంక్యుబేటర్ తలుపు పడింది.

తొమ్మిదైంది.

కొన్ని నెలల కిందట ఇదే ల్యాబ్‌లో అది ఒక్క కణంగా మొదలై, రెండో రోజుకి నాలుగు, మూడో రోజుకి ఎనిమిది కణాలై, నాలుగో రోజుకి ఏది ఎక్కడుందో విడదీసి చెప్పలేనంతగా ఒకదాన్నొకటి కరుచుకొని ఒకే ముద్దగా మారింది, ఇంతా చేసి సైజు మాత్రం అండం ఎంతో అంతే, మిల్లీమీటరులో పదో వంతు పైచిలుకు, ఎందుకంటే అప్పటిదాకా కణాలు చీలడమే గానీ ఒళ్ళు చేయడం లేదు. మొదట్లో నడిచేదంతా తల్లి అండంలో దాచిన సరుకుతోనే. మూడో రోజుకి సొంత జన్యువులు పగ్గాలు అందుకోవాలి. చాలా పిండాలు అక్కడే చేతులెత్తేస్తాయి. ఫలదీకరణం చెందినవాటిలో దాదాపు సగం ఐదో రోజు చూడవు. ఇది చూసింది.

తొమ్మిదీ నలభై. కదలిక లేదు.

గడ్డకట్టిన పిండం మళ్ళీ లేస్తుందని మన దేశంలో మొదట చూపించింది కలకత్తా డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ్. ఎనిమిది కణాల పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి, కరిగించి, తల్లి గర్భంలో పెట్టాడు. 1978 అక్టోబరు 3న పాప పుట్టింది. ఇంగ్లండులో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టి అప్పటికి 70 రోజులే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కమిటీ వేసింది. కమిటీ నమ్మలేదు. జపాన్ వెళ్ళి చెప్పుకుంటానంటే సెలవివ్వలేదు. ఆయన్ని కంటి విభాగానికి బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఉరి వేసుకున్నాడు. గడ్డకట్టిన పిండం నుంచి పుట్టిన తొలి బిడ్డ అని ప్రపంచం ఒప్పుకున్నది మూడేళ్ళ తర్వాత, 1984లో, ఆస్ట్రేలియాలో. ఆయన పాత నోట్సు తిరగేసి, ఇండియాలో మొదటివాడు ఈయనేనని 1997లో ప్రకటించింది ఆనంద్ కుమార్. 1986లో బొంబాయిలో పుట్టిన టెస్ట్‌ట్యూబ్ పాపతో ఆ మొదటి కిరీటం అప్పటికే తన నెత్తిన ఉన్న శాస్త్రవేత్త! అలా తీసి ఇచ్చేవాళ్ళు ఎందరుంటారు?

పదీ ఇరవై. ఎంబ్రియాలజిస్టు మైక్రోస్కోపుకి మళ్ళీ కళ్ళు ఆనించింది. ముద్దకి ఒక పక్క సన్నటి నెలవంకలా ఖాళీ.

పిండం అంచు కణాలు సోడియాన్ని లోపలికి తోడుతున్నాయి. ఉప్పు వెంట నీరు. నీరు చేరేకొద్దీ ఒత్తిడి. పదీ నలభైకి అది పెనం మీది పుల్కాలా పొంగింది. చుట్టూ ఉన్న మందపాటి పెంకు సాగి సాగి పల్చబడింది. లోపల ఒక మూలకి బిగిసిన చిన్న గుంపు బిడ్డ కాబోయేది. అంచు పొర మాయ అవుతుంది. లేజర్ తీసిన సందులోంచి రెండు మూడు కణాలు అప్పుడే బయటికి తొంగిచూస్తున్నాయి.

"పేషెంట్‌ని లోపలికి తెమ్మనండి."

మళ్ళీ పేరు, మళ్ళీ నంబరు. ఈసారి పేషెంటు నోటితో. అల్ట్రాసౌండ్ తెర మీద తెల్లటి చుక్క మెరిసింది. అది గాలి బుడగ, పిండం కాదు. పిండం అంత తేలిగ్గా కనపడదు. ఐదు నిమిషాల్లో అంతా అయిపోయింది.

బయట ఫోను మోగింది. విజయవాడ నుంచి.

"ఏమన్నారే?"

"పన్నెండు రోజులు పోయాక రక్తపరీక్షమ్మా."

"అందాకా మంచం దిగకు."

"దిగొచ్చన్నారు. రేపట్నుంచి ఆఫీసుకి కూడా వెళ్ళమన్నారు."

"ఆ డాక్టరమ్మకి ఫోనివ్వు. నేను మాట్లాడతా."