సరా? బేసా?

మా మనవరాలు రెండో క్లాసు. ఈ మధ్యే బడి మారింది. మొన్న సాయంత్రం వస్తూనే సంచీ ఓ మూల పడేసి, "అమ్మమ్మా! నేను బేసి పిల్లనిట" అంది కళ్ళనీళ్ళతో. సంగతేమిటంటే, ఆ రోజు సరి, బేసి సంఖ్యల పాఠం. క్లాసులో 27 మంది. ఇద్దరేసి చొప్పున 13 బెంచీలు నిండాయి. పధ్నాలుగో బెంచీలో ఇదొక్కర్తే. పిల్లలకి మాట దొరికితే ఊరుకుంటారా?

వంటింట్లోంచి చింతపిక్కలు తెచ్చి ఆటకి కూచోబెట్టాను. గుప్పిట మూసి "సరా? బేసా?" అని మనమంతా ఆడినదే. మన సొత్తే అనుకుంటాం గానీ, రోములో అగస్టస్ చక్రవర్తి కూడా అతిథులకి తలా 250 వెండి నాణేలిచ్చి, భోజనాల వేళ పాచికలో, సరి-బేసో ఆడుకోమన్నాడట!

"బేసి అంటే చెడ్డదా?" అంది పిల్ల.

గ్రీసులో పైథాగరస్ శిష్యులు సంఖ్యల్ని గులకరాళ్ళుగా పేర్చి చూసేవారు. సరిసంఖ్యని రెండుగా విడదీస్తే మధ్య ఖాళీ. బేసిని విడదీస్తే మధ్యన ఒకటి నిలబడుతుంది. కాబట్టి బేసే గట్టిదన్నారు. అంతటితో ఆగారా? బేసి మగ, సరి ఆడ అని కూడా తేల్చేశారు! మంచిదంతా మగవాళ్ళ వరసలో వేసుకోవడం అప్పటినుంచీ ఉన్నదేనన్నమాట. ఈ ముక్క పిల్లకి చెప్పలేదు లెండి.

మనవాళ్ళు బేసిని చిన్నచూపు చూడలేదు. అభిషేకం వేళ వినే చమకంలో చివరి అనువాకం గుర్తుందా? 1, 3, 5 అంటూ 33 దాకా అన్నీ బేసిసంఖ్యలే. ఆ తరవాతే 4, 8, 12 అంటూ 48 దాకా.

ఛందస్సు చెప్పిన పింగళుడిది ఇంకా చిత్రం. ఆరక్షరాల పాదంలో గురులఘువుల్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? 6 సరి, సగం చెయ్యి: 3. అది బేసి, ఒకటి తియ్యి: 2. సగం: 1. ఒకటి తియ్యి: సున్న. ఇప్పుడు 1తో మొదలుపెట్టి, వచ్చిన దారినే వెనక్కి రండి. ఒకటి తీసిన చోట రెట్టింపు, సగం చేసిన చోట దాన్ని దానితోనే గుణించడం: 2, 4, 8, 64! బేసి తగిలిన చోటల్లా రెట్టింపే చూశారూ!

ఇంత చెప్పినా పిల్ల మొహం విప్పారలేదు. చరిత్ర వచ్చి బెంచీలో పక్కన కూచోదు కదా! చివరికి చెరో గుప్పెడు పిక్కలు తీశాం. నాకు 7, దానికి 9. రెండూ బేసే. కలిపి జతలు పేర్చమన్నాను. ఎనిమిది జతలు, ఒక్కటీ మిగల్లేదు. రెండు బేసిసంఖ్యలు కలిస్తే సరే అవుతుందని క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ నిరూపించి పెట్టాడు. మా పిల్లకి ఆ నిరూపణ అక్కర్లేకపోయింది. పిక్కలకేసి కాసేపు చూసి, "బి సెక్షన్లో కూడా ఓ అమ్మాయి ఒక్కర్తే కూచుంటుందమ్మమ్మా" అంది.

మర్నాడు డబ్బాలో రెండు గారెలు ఎక్కువ పెట్టమంది. పెట్టాను.