హైదరాబాద్ వారసత్వ పరిరక్షణ కమిటీ

హైదరాబాద్‌లోని చారిత్రక భవనాలకు సంబంధించి కూల్చివేత, మార్పులు, మరమ్మతుల దరఖాస్తులను పరిశీలించి సలహా ఇచ్చేందుకు ఏర్పడిన సంఘం ఇది. నాటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన 2015 వరకు దీనికి ఆధారంగా ఉండేది. కోటలు, గుళ్లు, సమాధుల కంటే దేవిడీలు, మంజిళ్లు, బంగళాల విషయంలోనే దీని పాత్ర ఎక్కువగా ఉండేది. ఎందుకంటే వాటిలో చాలావరకు మనుషులు కాపురముండే ఇళ్లు, లేదా వారసుల మధ్య పంపకానికొచ్చిన ఆస్తులు.

నేపథ్యం. నిజాం ప్రభుత్వం 1914లోనే పురావస్తు శాఖను నెలకొల్పింది. గులాం యాజ్దానీ నాయకత్వంలో ఆ శాఖ అజంతా, బీదర్ వంటి చోట్ల పేరుమోసిన పని చేసింది. స్వాతంత్ర్యం తర్వాత 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం వచ్చాయి. ఈ చట్టాల దృష్టి ప్రధానంగా పురాతన కట్టడాల మీదే. నవాబుల, జాగీర్దార్ల, వర్తకుల ఇళ్లు ఆ వలలో పడలేదు. భూముల ధరలు పెరిగేకొద్దీ మొదట నేలమట్టమైనవీ అవే. బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు పేటపేరుగానే మిగిలింది.

ఇంగ్లండులో ఇలాంటి ఇళ్లను జాబితాకెక్కించే పద్ధతి 1947 పట్టణ ప్రణాళికా చట్టంతో స్థిరపడింది. న్యూయార్క్ నగరం 1965లో ప్రత్యేక కమిషన్‌నే ఏర్పాటు చేసుకుంది. మన దేశంలో ఈ దారి పట్టిన మొదటి నగరం బొంబాయి. అక్కడ 1995లో వారసత్వ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 14న జీవో 542 ద్వారా హైదరాబాద్‌లో 13వ నిబంధన వచ్చింది. రెండింటి పోలికను చూస్తే హైదరాబాద్ ముసాయిదాకు బొంబాయిదే నమూనా అనుకోవచ్చు.

పనితీరు. 1998 మార్చి 23న జీవో 102 కింద వెలువడిన తొలి జాబితాలో 137 కట్టడాలున్నాయి. తర్వాతి చేర్పులతో మొత్తం నూటయాభై దాటిందని సాధారణంగా చెబుతారు. ఒక్కో చోట ఒక్కో లెక్క కనబడుతుంది. చేర్పులను, తొలగింపులను అందరూ ఒకేలా లెక్కించకపోవడం దీనికి కారణం కావచ్చు. కొన్ని శిలా సముదాయాలకు కూడా ఇదే నిబంధన కింద రక్షణ దక్కింది.

కట్టడాలను ఒకటి, రెండు-ఎ, రెండు-బి, మూడు అనే గ్రేడ్లుగా విడదీశారు. మొదటి గ్రేడులో మార్పులకు దాదాపు తావుండేది కాదు. కింది గ్రేడ్లకు వచ్చేకొద్దీ లోపలి మార్పులకు, అదే ఆవరణలో కొత్త నిర్మాణానికి వెసులుబాటు పెరిగేది. ఏ గ్రేడైనా యజమాని హక్కు యజమానిదే. అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. కూల్చాలన్నా, రూపు మార్చాలన్నా మాత్రం అనుమతి కావలసి ఉండేది.

అడ్డుకోవడం ఒక్కటే అయితే యజమానులు ఎదురుతిరుగుతారని నిబంధన రాసినవాళ్లకు తెలుసు. అందుకే కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును మరోచోటికి బదిలీ చేసుకునే టీడీఆర్‌కు, పాత ఇంటిని హోటల్‌గానో ఆఫీసుగానో వాడుకోవడానికి వీలుంచారు. వీటికి తోడు ప్రజాగౌరవం ఉంది. వారసత్వ పరిరక్షణ కోసం 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థ హైదరాబాద్ విభాగం, ఇళ్లను బాగా చూసుకున్న యజమానులకు వారసత్వ పురస్కారాలు ఇస్తూ వచ్చింది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం అందుకు ఆనవాయితీ సందర్భం.

ఫలితాలు మిశ్రమం. చార్మినార్ చేరువలోని మాల్వాలా ప్యాలెస్ నిజాముల దఫ్తరు వ్యవహారాలు చూసిన కాయస్థ కుటుంబానిది. దాన్ని 1845 ప్రాంతంలో కట్టారంటారు. వారసత్వ గుర్తింపు ఉన్నా 2000 ప్రాంతంలో అది చాలావరకు కూల్చివేతకు గురైంది. చౌమహల్లాది వేరే కథ. యజమానుల చొరవతో పునరుద్ధరణ పొందిన ఆ ప్యాలెస్‌కు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. ఫలక్‌నుమా అదే ఏడాది హోటల్‌గా తెరుచుకుంది. నిజామత్ జంగ్ కట్టించిన హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ కొన్ని దశాబ్దాలు రిట్జ్ హోటల్‌గా వెలిగింది. అది మూతపడ్డాక శిథిలమవుతూ కోర్టు వ్యాజ్యాల్లోకెక్కింది. మొత్తం మీద, రాబడి మార్గం దొరికిన ఇల్లు నిలబడటం, అది లేని ఇల్లు కుంగిపోవడం కనిపిస్తుంది.

ఇర్రం మంజిల్ వివాదం. ఫఖ్రుల్ ముల్క్ నివాసమైన ఈ మేడను 1870లో కట్టారని తరచూ రాస్తారు. ఆయన పుట్టింది 1860 ప్రాంతంలో అన్న లెక్క సరైతే, పదేళ్ల పిల్లవాడు ఇంత మేడ కట్టించాడని నమ్మడం కష్టం. దాన్ని 19వ శతాబ్దం చివరి దశాబ్దాలకు చేర్చడమే సబబు. తర్వాత అది ప్రభుత్వ ఇంజినీరింగ్ కార్యాలయాలకు ఆవాసమైంది.

ఇంతలో 2015 డిసెంబరులో జీవో 183 ద్వారా 13వ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019 జూన్ 18న రాష్ట్ర మంత్రివర్గం ఇర్రం మంజిల్ స్థలంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని నిర్ణయించింది. దానిపై ప్రజాప్రయోజన వ్యాజ్యాలు పడ్డాయి. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. నిబంధన పోయినంత మాత్రాన రక్షణ పోలేదనీ, పట్టణ ప్రణాళికా చట్టం చెప్పిన పద్ధతిని ప్రభుత్వం పాటించలేదనీ తీర్పు సారాంశం. కమిటీ చరిత్రలో ఇళ్ల రక్షణకు దక్కిన పెద్ద విజయం కమిటీ బల్ల మీద కాక న్యాయస్థానంలో వచ్చిందన్నది గమనార్హం.

పరిధి. 13వ నిబంధన హుడా సరిహద్దుల్లోనే చెల్లింది. ముంబై రహదారి మీద, కర్ణాటక సరిహద్దున ఉన్న జహీరాబాద్ ప్రాంతపు చిరాగ్‌పల్లి వంటి ఊళ్లకు అది వర్తించలేదు. జిల్లాల్లోని గడీలు, పాత మిద్దెల సంగతీ అంతే. 2017 చట్టం రాష్ట్రమంతటికీ వర్తించడంతో ఈ లోటు కాగితం మీద తీరింది. అయితే ఈ చట్టం కింద కూడా రక్షణ మొదలయ్యేది కట్టడం పేరు జాబితాలోకి ఎక్కిన తర్వాతే.