పే స్లిప్పులో 'నేషనల్ ఇన్సూరెన్స్': ఆ పేరు ఎక్కడిది?

మొన్నటి ఎపిసోడ్ విన్నాక బర్మింగ్‌హామ్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెస్టారెంట్‌లో కుక్‌గా చేస్తాడు. "అన్నా, నెల నెలా జీతంల నేషనల్ ఇన్సూరెన్స్ అని కట్ అయితది. ట్యాక్స్ వేరే కట్ అయితది. మళ్ళ వీసాకు పెట్టుకున్నప్పుడు హెల్త్ సర్‌చార్జి అని ఏడాదికి 1,035 పౌండ్లు ముందే గుంజిన్రు. ఒక్క దవాఖానకు మూడుసార్లు పైసలు కట్టుడేంది?"

ఎపిసోడ్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలేశాను. అది సరిపోలేదని నాకే అనిపించింది, అందుకే ఈ రాత. పైగా ఆ లెక్క నాకూ తగిలిందే. పోయినేడాది మూడేళ్ళకు వీసా పొడిగించినప్పుడు నాకూ మా ఆవిడకూ ఏడాదికి 1,035 చొప్పున, పాపకు 776 చొప్పున కట్టాం. మొత్తం 8,538 పౌండ్లు. ఒకేసారి, అప్లికేషన్‌తో పాటే.

పేరు సంగతి ముందు చూద్దాం. 'నేషనల్ ఇన్సూరెన్స్' అనేది 1911లో నిజంగానే ఇన్సూరెన్స్. అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ తెచ్చిన చట్టం అది. జర్మనీలో బిస్మార్క్ 1883లోనే పనివాళ్ళకు ఆరోగ్య బీమా పెట్టాడు, లాయిడ్ జార్జ్ అక్కడికి వెళ్ళి చూసొచ్చాడు. లెక్క ఇలా ఉండేది: మగ కార్మికుడు వారానికి 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2. జబ్బు చేస్తే వారానికి 10 షిల్లింగులు వచ్చేవి, ఊళ్ళో లిస్టులో ఉన్న డాక్టర్ ఉచితంగా చూసేవాడు.

అయితే చూసేది కార్డు ఉన్న కార్మికుడిని మాత్రమే. కాన్పుకు ఇచ్చే 30 షిల్లింగులు తప్ప భార్యకు ఏమీ లేదు, పిల్లలకు లేదు. క్షయ రోగుల శానిటోరియం తప్పిస్తే హాస్పిటల్ ఖర్చు కూడా అందులో రాదు. ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తే డాక్టర్ ఫీజు జేబులోంచే పెట్టాలి. తల్లులు తమ జబ్బును దాచుకుని పిల్లలను చూపించుకున్న కాలం అది.

వేల్స్‌లో ట్రెడీగర్ అని ఒక బొగ్గు ఊరు ఉంది. ఆ ఊరి గురించి చదివినప్పుడల్లా నాకు గోదావరిఖనే గుర్తొస్తుంది. మా బాపు సింగరేణిలో చేశాడు. బాపు పేరు మీద అమ్మకూ మా ముగ్గురికీ కంపెనీ హాస్పిటల్లోనే వైద్యం. చిన్నప్పుడు దవాఖానలో పైసలు కడతారనే నాకు తెలియదు, నిజంగా. ట్రెడీగర్‌లో ఆ పని కంపెనీ కాదు, కార్మికులే చేసుకున్నారు. జీతంలోంచి పౌండుకు 3 పెన్నీల చొప్పున ఒక సంఘానికి కట్టేవాళ్ళు. సంఘమే డాక్టర్లను పెట్టుకుంది, హాస్పిటల్ నడిపింది, ఇంటిల్లిపాదినీ చూసింది. ఊళ్ళో చాలామంది అందులో ఉన్నారు.

ఆ ఊళ్ళోనే 1897లో అన్యూరిన్ బెవన్ పుట్టాడు. 13 ఏళ్ళకే గనిలోకి దిగాడు. తండ్రీ గని కార్మికుడే. ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము చేరి 1925లో కొడుకు చేతుల్లోనే చనిపోయాడు. అప్పటికి అది వృత్తి జబ్బుల జాబితాలో లేదు కాబట్టి నష్టపరిహారం ఒక్క పెన్నీ రాలేదు. ఈ బెవన్ 1945లో ఆరోగ్యమంత్రి అయ్యాడు.

1948 జులై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. అంతకు కొన్ని నెలల ముందు డాక్టర్ల సంఘం ఓటింగ్ పెడితే ఓటేసిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది వద్దన్నారు. బెవన్ బేరానికి దిగాడు. పెద్ద డాక్టర్లు ప్రైవేటు రోగులను కూడా చూసుకోవచ్చని, ప్రభుత్వ హాస్పిటల్లోనే వాళ్ళకు బెడ్లు ఉంటాయని ఒప్పుకున్నాడు. మూలసూత్రం మాత్రం వదల్లేదు: డబ్బు పన్నుల్లోంచి రావాలి, రోగి దగ్గర కాదు. మన పే స్లిప్పులో పాత పేరు అలాగే మిగిలిపోయింది, అంతే. ఇప్పుడు నేషనల్ ఇన్సూరెన్స్‌లో పెద్ద భాగం పెన్షన్లకు పోతుంది, కొంత ఎన్‌హెచ్‌ఎస్‌కు. ఎన్‌హెచ్‌ఎస్ నడిచేది ఎక్కువగా మామూలు పన్నులతోనే.

అమెరికా దారి వేరు. యుద్ధకాలంలో, 1942లో, అక్కడ ప్రభుత్వం జీతాల పెంపు మీద కట్టడి పెట్టింది. మనుషులు దొరక్క కంపెనీలు జీతం బదులు హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. దానికి పన్ను మినహాయింపు కూడా కలిసొచ్చింది. 1945లో ట్రూమన్ అందరికీ ప్రభుత్వ బీమా అన్నాడు కానీ డాక్టర్ల సంఘం గట్టిగా అడ్డుపడింది, అది పోయింది. అలా బీమా ఉద్యోగానికి అతుక్కుపోయింది. డాలస్‌లో ఉండే మా బావకు ఉద్యోగం పోయినప్పుడు వీసాకు 60 రోజుల గడువు మొదలైంది. కంపెనీ బీమా ఉంచుకోవాలంటే ప్రీమియం మొత్తం తనే కట్టాలి. ఆ రెండు నెలలు పిల్లలను ఆటకు కూడా పంపలేదట, ఎక్కడ చెయ్యి విరుగుతుందో అని.

ఇక్కడైనా గీత జరగలేదని కాదు. పళ్ళసెట్లకు, కళ్ళద్దాలకు డబ్బు తీసుకుంటామన్నందుకు బెవన్ 1951లో రాజీనామా చేశాడు. మరుసటి ఏడాదే మందుల చీటీకి ఒక షిల్లింగు పడింది. విదేశీయుల సంగతి కూడా అప్పుడే చర్చకొచ్చింది. 1952లో అచ్చయిన తన పుస్తకంలో బెవన్ వాదన ఇది: విదేశీయుడిని పట్టుకోవాలంటే చివరికి ఈ దేశపువాళ్ళందరూ తాము ఎవరో రుజువు చూపించాల్సి వస్తుంది. ముప్ఫై ఏళ్ళకు, 1982లో, బయటినుంచి వచ్చినవాళ్ళ దగ్గర హాస్పిటల్ ఫీజు తీసుకునే నిబంధనలు వచ్చాయి. 2015లో సర్‌చార్జి, ఏడాదికి 200 పౌండ్లు. 2019లో 400. 2020లో 624. 2024 ఫిబ్రవరి నుంచి 1,035. తొమ్మిదేళ్ళలో అయిదింతలకు పైగా. హెల్త్ అండ్ కేర్ వీసా మీద ఉన్నవాళ్ళకు 2020 నుంచి మినహాయింపు ఇచ్చారు, కోవిడ్‌లో వాళ్ళే ముందు నిలబడ్డారు కాబట్టి. రెస్టారెంట్ కుక్‌కు ఆ మినహాయింపు లేదు.

కాబట్టి తమ్ముడూ, నువ్వు అడిగింది తప్పేం కాదు. ఇక్కడివాళ్ళు కట్టే పన్నులన్నీ మనమూ కడుతున్నాం, ఆపైన ఇది. నా లెక్కలో ఇది పేరు మార్చుకున్న ప్రీమియమే. 1911లో కార్మికుడి భార్య బయట ఉంది, ఇప్పుడు గీత మన దగ్గరికి జరిగింది.

అయినా ఒకటి చెప్పాలి. 2022లో మా ఆవిడకు అర్ధరాత్రి నొప్పులొచ్చి, అత్యవసరంగా సిజేరియన్ చేశారు. నాలుగో రోజు డిశ్చార్జి కాగితాలు చేతికిచ్చాక నేను నర్సును బిల్లు కౌంటర్ ఎక్కడని అడిగాను. ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. పాపను కార్ సీట్లో కట్టామా లేదా అని మాత్రం రెండుసార్లు చూసింది. మరి నా మోకాలి స్కాన్‌కు అయిదు నెలలు ఆగాను, అదీ నిజమే.

ఆ తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఏ జీపీ దగ్గర రిజిస్టర్ అయ్యావని అడిగితే, వచ్చి రెండేళ్ళయినా ఎక్కడా అవలేదన్నాడు. అడ్రస్ ప్రూఫ్ తన పేరు మీద లేదని ఆగిపోయాడట. రూములో ఇంకో ముగ్గురిదీ అదే కథ. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర చేరడానికి అడ్రస్ ప్రూఫ్ గానీ వీసా కాగితం గానీ తప్పనిసరి కాదని చెప్పాను. బుధవారం సెలవట. నలుగురూ కలిసి వెళ్తామన్నాడు.