కూర్మము మీది లోకము: ఎచ్చట మొదలిడి చదువవలెను?

పెద్ద గ్రంథమును చేత బట్టిన చదువరికి మొదట గలుగు సందేహము, దీనిని ఎచ్చట నుండి చదువవలెనని. మొదటి పుట నుండి యనుట సులభమైన సమాధానమే గాని యన్నిచోట్ల సరియైనది గాదు. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున భారతమును తెనిగింప మొదలిడి, ఆది సభాపర్వములు ముగించి, అరణ్యపర్వమును నడుమ విడిచెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి ఆ మిగిలిన భాగమును ముట్టక విరాటపర్వము నుండి తన రచన నారంభించెను. ఆ కొఱతను తరువాతి శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. వానలు కురియవలెనని పల్లెలలో పురాణము చెప్పించునపుడును విరాటపర్వమునే విప్పుదురు గాని ఆదిపర్వమును గాదు. కావున నడుమ నుండి మొదలిడుట మనకు క్రొత్త గాదు, అపచారమును గాదు. ఏ ద్వారమున ప్రవేశించిన గ్రంథము మనలను లోనికి గొనిపోవునో యదియే దాని సింహద్వారము.

ఈ మాటను ఒక యాంగ్ల గ్రంథమాలకు అన్వయించి చెప్పుట యీ వ్యాసమున నా యుద్దేశము. ఆ మాల పేరు 'డిస్క్‌వరల్డ్', అనగా పళ్లెము వంటి లోకము. రచయిత సర్ టెర్రీ ప్రాచెట్. 1983 మొదలు 2015 వఱకు ముప్పదిరెండేండ్ల కాలమున ఇందు 41 నవలలు వెలువడినవి. అన్నియు నద్భుత కథలే; అన్నిటను హాస్యమే ప్రధానము. నలుబదియొక్క సంపుటములను ఒక్కమారు కొనుట పల్లె గ్రంథాలయమునకు సాధ్యము గాదు. ఒకటి రెండు కొందుము. అవి తగినవి గాకున్నచో చదువరి పది పుటలు త్రిప్పి మూసివేయును. పిదప నా పుస్తకము బీరువాలో చెదలకు భోజనమగును. మంచి రచయిత యొకడు మన యూరికి వచ్చియు రానివాడగును. కావున ఎచ్చట మొదలిడవలెనను ప్రశ్న చిన్నది గాదు.

ప్రాచెట్ 1948 ఏప్రిల్ 28వ తేదీన ఇంగ్లండు దేశమందలి బీకన్స్‌ఫీల్డులో జన్మించెను. తన చదువంతయు ఆ యూరి గ్రంథాలయము పెట్టిన భిక్షయే యని ఆయన పలుమారులు చెప్పుకొనెను. 1965లో పాఠశాల విడిచి స్థానిక పత్రికలో విలేఖరిగా జేరెను. 1971లో తొలి నవల ప్రకటించెను. 1980లో విద్యుదుత్పత్తి సంస్థలో ప్రచారోద్యోగియై, పగలు కొలువు, రాత్రి రచనగా కాలము గడపెను. 1983 నవంబరులో ఈ మాలలో మొదటి పుస్తకమగు 'ది కలర్ ఆఫ్ మ్యాజిక్' వెలువడెను. 1987లో కొలువు మాని కలమునే నమ్ముకొనెను.

ఆయన సృజించిన లోకము మన పురాణములు విన్నవారికి వింత గొలుపదు. అంతరిక్షమున నొక మహాకూర్మము ఈదుచుండును. దాని వీపుపై నాలుగు ఏనుగులు. వాని మూపులపై పళ్లెము వంటి భూమి. మనకు దిక్కులు మోయు గజము లెనిమిది. ఆయనకు నాలుగే చాలినవి. మందరగిరిని మోసిన ఆదికూర్మమును శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మమున నేటికిని పూజించు మనము, ఆ తాబేలు ఆడుదో మగదో తేల్చుకొనలేక తలలు బద్దలు కొట్టుకొను అచ్చటి పండితులను జూచి నవ్వకుండ జాలము. ఇతర జాతుల పురాగాథలలోను ఇట్టి విశ్వకూర్మము గలదు. పాత కల్పనను దీసి క్రొత్త నవ్వు పుట్టించుట ఆయన విద్య.

ఇక మొదటి పుస్తకమునే మొదట చదువరాదా? చదువవచ్చును, కాని చదువరి తొందరపడి తీర్పు చెప్పు ప్రమాదము గలదు. 'ది కలర్ ఆఫ్ మ్యాజిక్', 1986 నాటి 'ది లైట్ ఫెంటాస్టిక్' అను రెండును, అప్పటి యాంగ్ల వీరగాథలను వెక్కిరించుటకు వ్రాసినవి. ఆ మూలకథలు ఎఱిగినవానికే ఆ వెక్కిరింత రుచించును. భాగవత మెఱుగనివానికి భామాకలాపములోని చమత్కారము సగమే గదా తెలియుట! రచయితయు నప్పటికి చేయి తిరుగుచున్నవాడే. రింస్‌విండ్ అను పిఱికి మాంత్రికుడు ఒక ప్రమాదము నుండి మఱియొక దానికి పరుగెత్తుటయే గాని కథకు బిగువు తక్కువ. ఆ లోకమందలి జనులకు బాధలు, పంతములు, న్యాయాన్యాయములు తరువాతి గ్రంథములలో గాని గట్టిగా నేర్పడలేదు.

ఈ మాల యొకే తీగె గాదు. పలు పాయలుగా జీలిన యేరు. మాంత్రికులది యొక పాయ, మృత్యుదేవతది యొకటి, కొండపల్లెల మంత్రసానుల వంటి మంత్రగత్తెలది యొకటి, ఆంక్-మోర్‌పార్క్ నగరపు తలారులది యొకటి. 2003లో మొదలైన టిఫనీ యను బాలిక కథలును, 2004లో మొదలైన తపాలా కచేరీ కథయును పిదప వచ్చినవి. దాదాపు ప్రతి నవలయు తనంత తాను ముగియును గనుక ఏ పాయలోనైన దిగవచ్చును. పాయలోపల మాత్రము వరుస తప్పకుండుట మేలు.

నా విన్నపము తలారుల పాయలో దిగుడని. దాని మొదటి గ్రంథము 1989 నాటి 'గార్డ్స్! గార్డ్స్!' నగర రక్షణకు మిగిలినవారు ముగ్గురు నలుగురు. వారి నాయకుడు వైమ్స్ తాగుబోతు. ఎవరును లెక్కచేయని మనిషి. మఱుగుజ్జుల ఇంట పెరిగిన ఆరడుగుల యువకుడు క్యారట్ ధర్మశాస్త్రమంతయు వల్లించి వచ్చి, దొంగల సంఘపు పెద్దనే పట్టుకొనును. ఇంతలో కొందఱు కుట్రదారులు సింహాసన మాశించి మంత్రబలమున ఘోరసర్పమును రప్పింతురు. ఆ సర్పము తానే రాజగును! నగరవాసులు మొదట భయపడుదురు. పిమ్మట అలవాటు పడుదురు. తుదకు దానికి బలి యియ్యవలసిన కన్య యెవరి బిడ్డ యని మాత్రము విచారింతురు. నవ్వుచు చదువుచున్న వాని నవ్వు ఇచ్చట గొంతులో నాగిపోవును. అన్యాయమునకు జనులు ఎట్లలవాటు పడుదురో చెప్పుటకు ఇంతకంటె మంచి కథ నే నెఱుగను.

ఆ పాయలో రెండవది 1993 నాటి 'మెన్ ఎట్ ఆర్మ్స్'. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఇందలి బూట్ల లెక్క మిక్కిలి నచ్చినది. వైమ్స్ నెల జీతము 38 డాలర్లు. మంచి తోలు బూట్ల జత వెల 50 డాలర్లు. అది పదియేండ్లు మన్నును. పేదవాడు అంత పెట్టలేడు గనుక 10 డాలర్ల జత కొనును. అది ఒకటి రెండు ఋతువులకే చిల్లులు పడును. పదియేండ్లలో వాడు 100 డాలర్లు వెచ్చించియు తడికాళ్లతోనే యుండును. కలవాడు 50తో పొడికాళ్లతో తిరుగును. పేదఱికమునకు వెల యెక్కువ యను నీ మాటను, చిల్లర దుకాణమున పావుసేరు చొప్పున కొనువారు లోనెఱుగుదురు; లెక్కగట్టి చూపినవారు అరుదు. 2022లో బ్రిటనులో చౌక సరకుల ధరల పెరుగుదలను గణించు సూచికకు వైమ్స్ బూట్ల పేరే పెట్టిరి. హాస్యగ్రంథ మందలి మాట ధరల లెక్కకు పేరగుట సామాన్యమైన గౌరవము గాదు.

ప్రాచీన కథలయందు ప్రీతి గలవారు 1987 నాటి 'మోర్ట్'తో మొదలిడవచ్చును. ఇందు మృత్యువు తనకొక శిష్యుని జేర్చుకొనును. కఠోపనిషత్తున యముడు నచికేతునకు గురువైన విధము దలపునకు వచ్చును. సావిత్రి మాటనేర్పున ప్రాణము మరల బడసెను. ఈ శిష్యుడో గురువాజ్ఞ మీఱి రాజపుత్రికను బ్రతికించి లోకగతినే చిక్కుపఱచును. దైవచింతన గలవారికి 1992 నాటి 'స్మాల్ గాడ్స్' తగినది. నిజముగ నమ్ము భక్తుడు ఒక్కడే మిగిలినందున ఒక మహాదైవము చిన్న తాబేలై పడియుండును. ఆ భక్తుడు బ్రూథాకు అక్షరము రాదు. కాని చూచిన దేదియు మఱువడు. మహాగ్రంథాలయ మొకటి అగ్నికి ఆహుతి యగు వేళ, చదువలేని యాతడే గ్రంథములను కన్నులతో జూచి మనసున దాచుకొనును. శ్రుతులను తరతరములు కంఠమున నిలిపిన దేశమువారికి ఈ ఘట్టము వేఱుగ వివరింప నక్కఱలేదు.

తుది నుండి మాత్రము మొదలిడరాదు. 2007 డిసెంబరులో ప్రాచెట్ తనకు జ్ఞాపకశక్తిని హరించు అల్‌జైమర్స్ వ్యాధి సోకినట్లు ప్రకటించెను. చేతితో టైపు చేయలేనపుడు నోట చెప్పి యంత్రముచే వ్రాయించెను. 2015 మార్చి 12న దివంగతుడయ్యెను. ఆ యేటనే వెలువడిన కడపటి గ్రంథము 'ది షెపర్డ్స్ క్రౌన్' ఒక వీడ్కోలు. పరిచయము లేనివానికి వీడ్కోలు రుచింపదు. అసంపూర్ణ రచనలున్న యంత్రపు పెట్టెను ఆయన కోరిక చొప్పున 2017లో ఆవిరి రోలరుతో త్రొక్కించిరి. ఇక కొత్తవి రావు.

గ్రంథాలయ సభ్యులకు ఇంకొక ముచ్చట. ఈ లోకపు మాంత్రిక విద్యాలయమున గ్రంథపాలకుడు ఒరాంగుటాన్ అను మహావానరము. మనుష్యుడే, మంత్రదోషమున నట్లయ్యెను. మరల మనుష్యునిగ జేయుదుమన్నను ఒప్పుకొనడు. పై యరలలోని పుస్తకములు దీయుటకు ఆ చేతులే వాటమట! 'గార్డ్స్! గార్డ్స్!'లో తన గ్రంథాలయము నుండి దొంగిలింపబడిన పుస్తకమును వెదకుచు తలారులకు తోడగువాడును ఈతడే.

కావున మన గ్రంథాలయమువారు మొదట 'గార్డ్స్! గార్డ్స్!', 'మెన్ ఎట్ ఆర్మ్స్', పిదప 'స్మాల్ గాడ్స్', 'మోర్ట్' తెప్పింతురు గాక. ఆంగ్లము నేర్చిన యువకులు చదివి, తక్కినవారికి చావడిలో తెలుగున కథగా చెప్పుదురు గాక. సంస్కృతము రాని మన పెద్దలు భారతము నెఱిగినది అట్లే గదా. ఆ నాలుగును చేతులు మారి మారి అట్టలు నలిగిన నాడు, మొదటి సంపుటమును నిర్భయముగ కొనవచ్చును.